బొంతకాకుల బండ: హంగరీ దేశములో ఒక కొండపల్లె చరిత్ర

ఉగాది సంచికలో హంగరీ దేశపు పల్లె ప్రసక్తి ఎందుకని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చును. ఏటేటా మన సంచికలలో కాకతీయులను గురించి, రాయలవారిని గురించి, మన పూర్వులు ఈ ప్రాంతాలకు తరలివచ్చిన వైనమును గురించి వ్యాసములు వస్తూనే ఉన్నవి. అవి రావలసినవే. కాని మన పెద్దలు సభలలో తరచుగా వేసే ప్రశ్న ఒకటున్నది. “మన పాతదనము ఎంతవరకు మిగిలినది?” అని. పాతదనము అంటే ఏమిటి, అది దేనిలో ఉంటుంది అన్న విషయము తేల్చుకొనడానికి మనకు సంబంధము లేని చోటికి పోయి చూడడము ఒక్కొక్కప్పుడు మేలు. మన ఊరి సంగతి అయితే అభిమానము అడ్డము వస్తుంది. అందుచేత ఈ ఏడు హొల్లోకో అనే పల్లెను గురించి వ్రాయ తలపెట్టినాము.

హంగరీ రాజధాని బుడాపెస్టుకు ఈశాన్య దిక్కుగా సుమారు 90 కిలోమీటర్ల దూరములో నోగ్రాడ్ అనే జిల్లా ఉన్నది. ఆ జిల్లాలో చెర్‌హాట్ అనే కొండల వరుస ఉన్నది. తూర్పు కనుమలను, నీలగిరులను ఎరిగిన మనకు అవి గుట్టలవలె కనిపిస్తవి. హొల్లోకో కోట ఉన్న శిఖరము కూడా నాలుగువందల మీటర్లకు లోపే. అయినా హంగరీ దేశములో ఎక్కువ భాగము బల్లపరుపు మైదానము గనుక వారికి ఇదే కొండసీమ. ఓక్ చెట్ల అడవులు, ఏటవాలు నేలలు, సన్నని పొలాలు, లోయలలో ఒకదానికొకటి ఎడముగా పల్లెలు. ఆ లోయలలో ఒకదాని మొదట ఈ ఊరు ఉన్నది. ఊరి జనాభా ఇప్పుడు మూడువందలకు అటూయిటుగా ఉంటుంది. మన వైపు ఒక చిన్న వాడకు వచ్చే లెక్క.

హంగరీ భాషలో హొల్లో అంటే బొంతకాకి, కో అంటే రాయి, లేక బండ. బొంతకాకుల బండ అన్నమాట. పేరుకు తగిన కథ ఒకటి అక్కడివారు చెప్తారు. కచిచ్ వంశపు ప్రభువు ఒకడు ఒక అందగత్తెను ఎత్తుకొని వచ్చి తన కోటలో చెరపెట్టినాడట. ఆమెను పెంచిన దాది మంత్రగత్తె. ఆమె సైతానుతో ఒప్పందము చేసుకున్నదట. సైతాను అనుచరులు బొంతకాకుల రూపము ధరించి రాత్రికి రాత్రి కోట రాళ్లను ఒక్కొక్కటిగా ముక్కున కరచుకొని పోయి, దూరముగా ఒక బండ మీద పేర్చినారట. ఆ పేర్చినదే ఇప్పటి కోట అని కథ. మన గ్రామాలలో ఒక్క రాత్రిలో దేవతలు కట్టిన గుడులు, భూతాలు త్రవ్విన చెరువులు ఎన్ని లేవు! ఎవరు కట్టినదీ జనము మరచినప్పుడు రాతి కట్టడాలకు ఇటువంటి కథలు దానంతట అవే మొలుస్తవి కాబోలు.

చరిత్ర చెప్పేది మరొకటి. క్రీ. శ. 1241లో మంగోలులు హంగరీ మీద పడినారు. మూహి అనే చోట జరిగిన యుద్ధములో రాజు నాల్గవ బేలా ఓడిపోయి సముద్రతీరము దాకా పారిపోయినాడు. మరు ఏడు మంగోలులు వెనుదిరిగినారు. రాజు తిరిగి వచ్చి చూచేసరికి మట్టికోటలు, కర్రకోటలు బూడిద అయి ఉన్నవి, రాతికోటలు మాత్రము కొన్ని నిలిచి ఉన్నవి. అప్పటినుండి కొండల మీద రాతికోటలు కట్టవలసినదని ప్రభువులను ప్రోత్సహించినాడు. హొల్లోకో కోట ఆ 13వ శతాబ్దిలోనే కచిచ్ వంశమువారు కట్టినది. 1310 నాటి శాసన పత్రములో దీని పేరు మొదటిసారిగా కనిపిస్తుంది. తరువాత ఆ వంశమువారిలో పలువురు రాజుకు ఎదురుతిరిగిన చాక్ మాతే అనే సామంతుని పక్షము చేరి కోటను పోగొట్టుకున్నారు. రాజును నమ్ముకొని ఉన్న సేచేనీ తమాష్ అనే జ్ఞాతికి అది దక్కినది. 1342 నాటికి కోటక్రింద ఒక ఊరు, ఊరిలో ఒక గుడి ఉన్నట్లు తెలుస్తున్నది.

తురుష్కుల కాలము ఈ సీమకు చాల కష్టకాలము. 1552లో బుడా పాషా ఆలీ దండెత్తి వచ్చి డ్రేగెయ్ కోటను ముట్టడించినాడు. ఆ కోట నాయకుడు సోండి లొంగక, తనవారితో పాటు పోరాడి చచ్చినాడు. హంగరీ బడిపిల్లలందరికీ ఆ పేరు తెలుసును. ఆ ఏడే చుట్టుపక్కల కోటలతో పాటు హొల్లోకో కూడా పడిపోయినది. 1593లో తిరిగి వచ్చినది, 1663లో మళ్లీ పోయినది, వియన్నా ముట్టడి విఫలమైన 1683లో పోలండు రాజు సోబియెస్కీ వచ్చినప్పుడు చివరకు విడుదల అయినది. నూటముప్పది ఏండ్లలో ఇన్నిసార్లు చేతులు మారిన సరిహద్దు కోట క్రింద ఊరు నిలువగలదా? పాత ఊరు పాడుపడినది. తురుష్కులు పోయిన తరువాత జనము కోటకు దిగువ ఇప్పుడున్న చోట కొత్తగా గుడిసెలు వేసుకున్నారు. హాబ్స్‌బర్గ్ ప్రభువులు తమ మీద తిరుగుబాటు చేసినవారికి 1711 తరువాత ఏ కోటా ఆశ్రయము కాకూడదని దీనిని పడగొట్టవలసినదని ఆజ్ఞాపించినారు. సగము సగము కూలిన గోడలు మాత్రము మిగిలినవి. ఆ మిగిలిన దానిని తవ్వి, సరిచేసి 1996లో ప్రజలకు తెరచినారు.

కోటల చరిత్ర ఇంతటితో చాలును. మాకు ముఖ్యమైనది కోట కాదు, దాని క్రింది వీథి. ఆ వీథిలో నివసించే ప్రజలను పలోత్సులు అంటారు. వారు హంగేరియనులే, రోమను కాథొలిక్కులే. కాని ఉత్తర హంగరీ కొండలలో చిరకాలము ఏకాంతముగా ఉండిపోయినందువలన మాటతీరు, వేషము, కుటుంబపు కట్టుబాట్లు వేరుగా నిలిచినవి. వీరిని గురించి మొట్టమొదట శ్రద్ధగా వ్రాసినవాడు సెడెర్ ఫాబియాన్ అనే మతగురువు, 1819లో. నోగ్రాడ్ జిల్లాలోనే పుట్టిన మిక్సాత్ కాల్మాన్ అనే కథారచయిత 1882లో “మంచివారు పలోత్సులు” అనే అర్థము వచ్చే పేరుతో కథల సంపుటి ప్రకటించి వీరిని దేశమంతటికీ పరిచయము చేసినాడు. అంతవరకు పట్నవాసులకు పలోత్సు అంటే మొద్దు పల్లెటూరివాడు. యాస వినగానే నవ్వేవారు. హంగరీ భాషలో హ్రస్వమైన అకారమును పెదవులు గుండ్రము చేసి, మన ఒకారమునకు దగ్గరగా పలుకుతారు. పలోత్సులు దానిని మన అకారమువలె తెరచి పలుకుతారు. ఒక్క అచ్చు తేడాతో మనిషి ఊరు పట్టుబడిపోతుంది. బెంగుళూరులో, మద్రాసులో, బరంపురములో పెరిగిన మన పిల్లలు బెజవాడ చుట్టాలింటికి పోయినప్పుడు నోరు విప్పగానే నలుగురూ నవ్విన అనుభవము మనలో ఎవరికి లేదు?

భాష ప్రసక్తి వచ్చినది గనుక ఒక ముచ్చట. హంగేరియనులు కూడా మనవలెనే ఇంటిపేరు ముందు చెప్పి, సొంతపేరు తరువాత చెప్తారు. మిక్సాత్ అనేది ఇంటిపేరు, కాల్మాన్ తల్లిదండ్రులు పెట్టిన పేరు. ఐరోపా అంతటా ఇది వింత. అంతేకాదు, మనము విభక్తులను పదమునకు వెనుక తగిలించినట్లే వారూ తగిలిస్తారు. హాజ్ అంటే ఇల్లు, హాజ్‌బన్ అంటే ఇంటిలో. కెర్త్ అంటే తోట, కెర్త్‌బెన్ అంటే తోటలో. బన్, బెన్ అని రెండు రూపములు ఎందుకంటే పదములోని అచ్చును బట్టి ప్రత్యయము మారుతుంది. మనము కవికి అని, రామునకు అని కి, కు మార్చి పలకడము లేదా, అటువంటిదే. ద్రావిడ భాషలకు వ్యాకరణము వ్రాసిన కాల్డ్వెల్ దొర 1856లో ఈ పోలికలను చూచి, ద్రావిడ భాషలకూ హంగరీ, ఫిన్లాండు భాషల కుటుంబమునకూ చుట్టరికము ఉన్నదని ఊహించినాడు. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికమును ఒప్పుకొనరు. ఒప్పుకొనకపోతే పోనీ, చుట్టరికము లేని ఇరుగుపొరుగు పోలిక కూడా ముచ్చటైనదే.

ఇక ఇండ్ల సంగతి. హొల్లోకో పాత ఊరు అంటే ఒక పెద్ద వీథి, దానినుండి చీలే చిన్న సందు. చీలిన చోట 1889లో కట్టిన తెల్లని చిన్న గుడి, దాని మీద కర్రపలకలు కప్పిన గోపురము. అటూయిటూ వరుసగా తెల్లసున్నము కొట్టిన యాభై, అరవై ఇండ్లు. ప్రతి ఇంటి పొట్టి వైపు వీథిని చూస్తుంది, పొడుగు వైపు దొడ్డిలోనికి పోతుంది. పొడుగునా వసారా, వసారాకు చెక్కుడు పనిచేసిన కర్రపిట్టగోడ, స్తంభములు, పైన ముందుకు వాలిన చూరు. నేల ఏటవాలు గనుక ఇంటి క్రింద రాతితో నేలమాళిగ కట్టి, దాని తలుపు వీథిలోనికి పెట్టుకున్నారు. ద్రాక్షసారా, దుంపలు అందులో దాచుకునేవారు.

ఇంటిలో మూడే గదులు. వీథివైపు పెద్ద గది, మధ్యలో వంటగది, వెనుక సామానుల కొట్టు. మధ్యగదిలోనుండే ఇంటిలోనికి ప్రవేశము. పెద్ద గదిలో మంచము, దాని మీద కప్పుదాకా పేర్చిన దిండ్లు, దేవుని పటములు, పెండ్లికూతురు తెచ్చుకున్న రంగుల పెట్టె. ఉమ్మడి కుటుంబము. తండ్రి బ్రతికి ఉన్నంతకాలము కొడుకులు, కోడళ్లు, మనుమలు అందరూ ఒకే కుండలో కూడు తినవలసినదే. డబ్బు, పంట యజమాని చేతిలో, వంటింటి పెత్తనము యజమానురాలి చేతిలో. మగవారు పశువుల కొట్టములో పండుకొనేవారు. కొత్తకోడళ్లు చలికి వెచ్చదనము లేని వెనుక కొట్టులో పండుకొనేవారు. ఈ ముక్క చదివినప్పుడు మన ఆడపడుచులు ఏమనుకుంటారో మేము ఊహించగలము. పాతదనమును పొగిడేవారు ఆ వెనుక కొట్టును గూడ ఒకసారి తలచుకొనవలసి ఉన్నది. కోడళ్లు అందరూ సుఖముగా ఉన్నారని చరిత్ర చెప్పదు.

కుటుంబము పెరిగి వేరుపడినప్పుడు అన్నదమ్ములు అదే దొడ్డిలో ఒకరి వెనుక ఒకరు ఇండ్లు కట్టుకొనేవారు. ఒక వంశమువారి ఇండ్లు ఒకచోట గుంపుగా ఉండడము పలోత్స్ పల్లెలలో వాడుక. 1848లో వెట్టిరైతులకు భూమి హక్కు వచ్చినది. ఆ తరువాత తరతరమునకు పొలాలు కొడుకుల మధ్య నిలువునా చీలిపోయినవి. అందుకే హొల్లోకో పొలాలు నేటికీ కొండవాలు మీద పరచిన రిబ్బనులవలె పొడుగుగా, సన్నగా ఉన్నవి. అరక తిప్పడానికి చోటు చాలని మడి నుండి ఎంత గింజ వస్తుంది? ఊరు బీదది. అక్కడివారు పూర్వపు తీరులో ఇండ్లు ఎందుకు నిలుపుకున్నారంటే, కొత్త తీరున కట్టడానికి డబ్బు లేకపోవడము ఒక కారణము. ఈ మాట చెప్పడానికి వెనుకాడవలసిన పని లేదు. వారసత్వమని మనము ఇప్పుడు గౌరవించే వాటిలో చాల భాగము బీదతనము కాపాడిపెట్టినదే.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చినాము. ఈ వీథిని చూచినవారు ఇది మూడువందల ఏండ్లనాటిది అనుకుంటారు. కాదు. వీథి తీరు, ఇండ్ల అమరిక, దొడ్ల హద్దులు 17, 18 శతాబ్దులనాటివి. ఇండ్లు మాత్రము చాల వరకు నూరేండ్ల పైచిలుకువి. ఎందుచేత? పూర్వము గోడలు కర్రవి, కప్పు పూరిది, పొయ్యికి పొగగొట్టము ఉండేది కాదు. ఇండ్లు ఒకదాని చూరు ఒకదానికి తగిలేంత దగ్గరగా ఉండేవి. ఒక నిప్పురవ్వ గాలికి లేస్తే చాలు. ఊరు తరతరానికి ఒకసారి తగలబడుతూనే ఉన్నది. కడపటిసారి 1909లో పెద్ద అగ్నిప్రమాదము జరిగి ఊరంతా బూడిద అయినది.

అప్పుడు ఆ రైతులు ఏమి చేయవచ్చును? ఊరు వేరే చోటికి మార్చవచ్చును. పట్నాలలో అప్పుడప్పుడే వస్తున్న ఇండ్ల నమూనా తీసుకొనవచ్చును. వారు అలా చేయలేదు. పాత పునాదుల మీద, పాత కొలతలకు, అదే మూడు గదులు, అదే వసారా, అదే కర్రచెక్కుడు, అదే వరుసలో తిరిగి కట్టుకున్నారు. అయితే కళ్లు మూసుకొని కట్టలేదు. రాతి పునాది మీద మట్టి నిండుగా మెత్తిన గోడలు లేపి సున్నము కొట్టినారు. పూరికప్పు మాని పెంకు వేసినారు. అంటే నిప్పుకు దొరికేదానిని వదలినారు, చేతికి అలవాటైనదానిని ఉంచుకున్నారు. ఏది వదలవచ్చునో, ఏది వదలరాదో ఏ పండితుడూ వచ్చి వారికి చెప్పలేదు. అప్పటికి హంగరీలో పల్లె ఇండ్లను కాపాడవలెనని చట్టము లేదు, ప్రపంచములో ఎవరికీ ఆ ఊరి పేరు తెలియదు.

కనుక హొల్లోకోలో పాతవి ఏవంటే కర్రలు కావు, పెంకులు కావు, గోడలు కావు. ఇల్లు ఎట్లా ఉండవలె అన్న తెలివి పాతది. అది వడ్రంగి చేతిలో, తాపీవాని కంటిలో ఉన్నది, నిప్పుకు దొరకలేదు. ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి 1987లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ, అంటే యునెస్కో, ఈ ఊరిని ఎన్నుకున్నప్పుడు ఈ సంగతినే ముఖ్యముగా చెప్పినది. ఇరవయ్యో శతాబ్దిలో వ్యవసాయము యంత్రాల పాలు కాకముందు పల్లె బ్రతుకు ఎట్లా ఉండేదో చూపే సజీవమైన ఉదాహరణ ఇదని వారి నిర్ణయము. ఆ ఏడు హంగరీనుండి జాబితాలో చేరినవి రెండే. ఒకటి రాజధాని బుడాపెస్టులోని డాన్యూబు తీరమూ బుడా కోటా, రెండవది ఈ మూడువందల మంది పల్లె. ఊరు ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న సన్నని పొలాలు, తోటలు, పచ్చికబయళ్లు, అడవి, కోట అన్నీ కలిపి సుమారు 145 హెక్టార్లు రక్షణలోనికి వచ్చినవి.

ఆ 1909కి, ఈ 1987కి మధ్య గడచినదానిని కూడ చెప్పవలెను. మొదటి ప్రపంచయుద్ధములో హంగరీ ఓడిపోయిన పక్షము. 1920 జూన్ 4వ తేదీన ట్రియనాన్ సంధి జరిగి దేశములో మూడింట రెండువంతుల భూమి పొరుగు రాజ్యాలకు పోయినది. నోగ్రాడ్ జిల్లా నడిమికి విరిగినది. ఇపొయ్ అనే చిన్న నది సరిహద్దు అయినది. నదికి ఆవలి పలోత్సులు ఒక్క సంతకముతో చెకోస్లొవేకియా పౌరులు అయినారు. మిక్సాత్ పుట్టిన పల్లె కూడ ఆవలి ఒడ్డుకే పోయినది, ఇప్పుడు స్లొవేకియాలో ఉన్నది. తెల్లవారేసరికి వీరు ఎక్కడికీ కదలలేదు, సరిహద్దు కదలి వీరిమీదుగా నడచిపోయినది. 1953లో, 1956లో రాష్ట్రాల హద్దులు గీచినప్పుడు మనవారిలో ఎన్నో కుటుంబాలు ఇట్లాగే ఉన్నచోటనే ఉండి పొరుగు రాష్ట్రమువారు అయినారు. మనకు దేశము మారలేదు, అది మన అదృష్టము.

ఈ కాలములోనే ఆ సీమ పాటల విలువ పట్నాలవారికి తెలియవచ్చినది. బార్తోక్ బేలా, కొడాయ్ జోల్తాన్ అనే ఇద్దరు సంగీతవేత్తలు 1900 తరువాతి సంవత్సరాలలో ఫోనోగ్రాఫు యంత్రము పట్టుకొని ఊరూరా తిరిగి రైతుల పాటలు సేకరించినారు. హొల్లోకోకు తూర్పుగా ఉన్న మాత్రా కొండల ప్రాంతపు జానపద గీతాలను తీసుకొని కొడాయ్ 1931లో “మాత్రా చిత్రాలు” అనే బృందగానము కూర్చినాడు. పశువుల కాపరి పాట కచేరీ మంటపమునకు ఎక్కినది.

రెండవ యుద్ధము తరువాత కమ్యూనిస్టు ప్రభుత్వము వచ్చి, 1959–61 మధ్య దేశమంతటా పొలాలను సమష్టి క్షేత్రాలలో కలిపినది. రిబ్బను పొలము మీద ఆశ తెగిపోగానే ఉమ్మడి కుటుంబమునకు ఆధారము పోయినది. తండ్రి చేతిలో పంచి ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు కొడుకు ఎందుకు ఆగుతాడు? పడుచువారు షల్గోతర్యాన్ గనులకు, కర్మాగారాలకు, బుడాపెస్టుకు పోయినారు. ఊరిలో ఉండదలచినవారు కూడ పాత వీథి విడిచి కాస్త ఎగువన కొత్త వీథిలో నాలుగు పలకల సిమెంటు ఇండ్లు కట్టుకున్నారు. స్నానాలగది, కుళాయి, వెచ్చని గదులు ఎవరికి వద్దు? పాత ఇండ్లలో ముసలివారు మిగిలినారు, తరువాత ఆ ముసలివారూ పోయినారు. 1909లో నిప్పు చేయలేని పని తాళము చేయసాగినది.

ఆ స్థితిలో పురావస్తు శాఖవారు, వాస్తుశిల్పులు కలుగజేసుకున్నారు. పాత వీథిని రక్షిత ప్రాంతముగా ప్రకటించి, ఇండ్లు ఒక్కొక్కటిగా బాగుచేసినారు. కొన్నిటిని పల్లెబ్రతుకు చూపే మ్యూజియములుగా, కొన్నిటిని మగ్గాల ఇల్లుగా, చేతిపనుల శాలలుగా, ఎన్నిటినో బయటివారు వచ్చి దిగే అతిథిగృహాలుగా మార్చినారు. వీరు పూనుకొనకపోతే ఈపాటికి ఆ వీథి కూలి ఉండేది. ఆ మేలును తక్కువ చేయలేము. అయినా మాకు ఒక్క సంశయము తీరదు. 1909లో ఆ రైతు తన పిల్లలు నిద్రపోవడానికి ఇల్లు కట్టుకున్నాడు, చూడవచ్చేవారి కోసము కాదు. ఇప్పుడు అదే కొలతతో వసారా స్తంభము మార్చినప్పుడు ఆ పని ఎవరి కోసము? యాత్రికులు టిక్కెట్టు కొని ఆ పెద్ద గదిలోనికి తొంగిచూస్తారు. దిండ్లు కప్పుదాకా పేర్చే ఉన్నవి, వాటి మీద తల పెట్టేవారు లేరు.

దీనికి సమాధానముగా ఊరివారు చెప్పగలిగినది కూడ ఉన్నది. ఈ యాత్రికులే లేకపోతే ఊరిలో ఆ మూడువందల మందీ ఉండరు. మగ్గము నేర్చిన పిల్ల, కర్రచెక్కే కుర్రవాడు, రొట్టెలు కాల్చే తల్లి, వీరికి ఊరిలోనే అన్నము దొరుకుతున్నది. పూర్వము పూట గడవక వలసపోయిన ఊరు ఇప్పుడు పాతదనమును అమ్ముకొని నిలుస్తున్నది. అమ్ముకొనడము మంచిదా చెడ్డదా అని దూరాన ఉన్న మనము తీర్పు చెప్పడము సులువు. మన పండుగ సభలలో కూచిపూడి, కోలాటము, హరికథ టిక్కెట్టు పెట్టి చూపించేవి కావా?

పలోత్స్ వంట అని ఊళ్లలో పెట్టే ఒక పులుసు కథ ఇక్కడ చెప్పక తప్పదు. గొర్రెమాంసము, చిక్కుడుకాయలు, పుల్లని మీగడ వేసి కాచే ఆ పలోత్స్ పులుసు పలోత్స్ పల్లెలో పుట్టినది కాదట. బుడాపెస్టులో గుండెల్ అనే పేరుపడ్డ హోటలు యజమాని మిక్సాత్ గౌరవార్థము దానిని కనిపెట్టి ఆ పేరు పెట్టినాడని చెప్తారు. ఇప్పుడు ఏ పలోత్స్ ఊరికి పోయినా అది మా తాతలనాటి వంటకమని వడ్డిస్తారు. నూరేండ్లు వండి తిన్న తరువాత అది వారిది కాదనడానికి మనమెవరము?

వేషము సంగతి మరీ ముచ్చట. హొల్లోకో స్త్రీలు ఒకదాని మీద ఒకటిగా ఎన్నో కుచ్చుల లంగాలు వేసుకొనేవారు. పెండ్లి అయిన స్త్రీ జుట్టు కనబడకుండ తలకు పూసలు, లేసులు కుట్టిన టోపీ పెట్టుకొనేది. కన్నెపిల్లకు అది ఉండదు, రిబ్బనులే. దూరమునుండే ఎవరు ఎవరో, వయసెంతో, ఇంటిలో దుఃఖము ఉన్నదో లేదో బట్టల రంగు చూచి చెప్పగలిగేవారు. ఇరవయ్యో శతాబ్ది రెండవ సగములో కూడ ముసలమ్మలు నిత్యము ఈ వేషముతోనే ఉండేవారు. ఇప్పుడు పండుగనాడు మాత్రము పెట్టెలు తెరుస్తారు.

ఆ పండుగలలో ఈస్టరు ముఖ్యము. అది చాల ఏండ్లలో మన ఉగాదికి అటూయిటుగానే వస్తుంది. ఈస్టరు సోమవారమునాడు హంగరీ అంతటా మగపిల్లలు ఆడపిల్లల మీద నీళ్లు చల్లే ఆచారము ఉన్నది. పువ్వు వాడిపోకుండ నీరు పోయడము అని దాని భావము. పట్నాలలో ఇప్పుడు అత్తరు నాలుగు చుక్కలు చల్లి ఊరుకుంటారు. హొల్లోకోలో అలా కుదరదు. బావిదగ్గరకు ఆడపిల్లలను లాక్కొనివచ్చి బొక్కెనతో కుమ్మరిస్తారు. చలి ఇంకా పూర్తిగా పోని రోజులు. తడిసి ముద్దయిన పిల్లలు, కేకలు వేస్తూ, తిరిగి ఆ కుర్రవాండ్రకే రంగువేసిన కోడిగ్రుడ్లు బహుమానముగా ఇస్తారు. మన వసంతోత్సవము చూచినవారికి ఇది పరాయి పండుగ అనిపించదు. ఆ రోజున కొత్త వీథినుండి, షల్గోతర్యాన్ నుండి, బుడాపెస్టునుండి ఊరి పిల్లలు అందరూ వచ్చి చేరుతారు, వారికి పదింతలు యాత్రికులు వస్తారు.

మన దేశమునుండి ఇప్పుడు ఎందరో విద్యార్థులు వైద్యము చదువుకొనడానికి బుడాపెస్టుకు, డెబ్రెత్సెన్‌కు, సెగెద్‌కు పోతున్నారు. మన సంఘములోని కుటుంబాల పిల్లలు ఎవరైనా అక్కడ ఉంటే ఈస్టరు సెలవులలో ఒక పూట ఈ ఊరు చూచి రావలసినదిగా కోరుతున్నాము. బుడాపెస్టునుండి రోడ్డు మార్గమున రెండు గంటల లోపు ప్రయాణము. వీథి అంతా రాళ్లు పరచిన ఏటవాలు నేల గనుక గట్టి చెప్పులు ఉండవలెను. సోమవారమునాడే పోయే ఆడపిల్లలు మారుబట్టలు కూడ వెంట తీసుకొనిపోవడము మంచిది.